బేరూనీ కొండ, కాషీ వెంట్రుక

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ ఇప్పటికి పదిసార్లయినా చూసి ఉంటాను. గడ్డం, తలపాగా ఉన్న పెద్దమనిషి బొమ్మ. కింద ఆకుపచ్చ అక్షరాలు. వెయ్యేళ్ల కిందనే అల్ బేరూనీ భూమి వ్యాసార్ధం 6,339.6 కిలోమీటర్లని కొలిచాడట. ఇప్పటి సైన్స్ లెక్కకూ దానికీ తేడా 17 కిలోమీటర్లేనట. ఆ కింద వరసగా మాషా అల్లాహ్‌లు, సుబ్హానల్లాహ్‌లు.

నవ్వడానికి నాకు హక్కు లేదు. చాలా ఏళ్ల కింద ఒక పత్రిక ఆదివారం పేజీకి ఇదే సంగతి నేనూ రాశాను. ఫార్వర్డ్ చూసి కాదు, రెండు మూడు పుస్తకాలు తిరగేసే రాశాను. కానీ ఆ 17 కిలోమీటర్ల దగ్గర నా కలం ఎంత ఫఖ్ర్‌తో ఆడిందో ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది. మొన్న ఇంటర్ చదివే మా బేటీ పాత కటింగుల ఫైలు తీసి ఆ వ్యాసం చదివింది. వాళ్లకు ఫిజిక్స్‌లో ప్రమాణాలు, కొలతల పాఠం అయిపోయిందట.

"అబ్బా, కోణం ఎంత కొలిచాడని రాశారు?"

"34 నిమిషాలు."

"అంటే రెండు సార్థక అంకెలు. జవాబులో ఎన్ని ఉన్నాయి?"

లెక్కపెట్టాను. నేను రాసిన జవాబు మూరల్లో 1,28,51,369.845. పదకొండు అంకెలు. "మా సార్ అయితే దీనికి మార్కులు కోసేస్తాడు" అని ఫైలు నా ఒళ్లో పడేసి పోయింది.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, డిగ్రీ తెలుగులో. రియాజీలో పాసవడానికే నానా తంటాలు పడ్డాను. సార్థక అంకెలు అనే మాట మా బేటీ నోటే మొదటిసారి సరిగ్గా విన్నాను. కొలతలో మనకు నిజంగా తెలిసిన అంకెలు ఎన్ని, ఊహతో నింపినవి ఎన్ని అని విడదీయడమే ఆ పాఠం. యకీన్ ఎక్కడిదాకా, గుమాన్ ఎక్కడి నుంచి అనుకోండి. అయితే కోపం కూడా వచ్చింది. వెయ్యేళ్ల కిందటి అంత పెద్ద ఆలిమ్‌కు ఈ పాటి తెలియదా? ఆ పట్టుదలతోనే కాగితం, ఫోన్లో కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను.

బేరూనీ 973లో ఖ్వారిజ్మ్‌లో పుట్టాడు. 1017లో మహమూద్ గజ్నవీ ఆ రాజ్యాన్ని పట్టుకున్నప్పుడు అక్కడి ఆలిమ్‌లతో పాటు ఇతణ్ణీ గజ్నీకి తీసుకుపోయాడు. తర్వాత హిందుస్తాన్ వైపు వచ్చి సంస్కృతం నేర్చుకున్నాడు, 'కితాబుల్ హింద్' రాశాడు. ఆ తిరుగుడులోనే పంజాబ్‌లో నందనా కోట దగ్గరికి చేరాడు. ఇప్పుడు అది పాకిస్తాన్‌లో, జేలం జిల్లాలో, ఉప్పు కొండల వరసలో ఉంది. అక్కడ ఒక ఎత్తైన కొండ, దాని ముందు కనుచూపు మేర చదునైన మైదానం. భూమిని కొలవడానికి ఇంతకంటే మంచి జాగా దొరకదనుకున్నాడు.

అంతకు ముందు ఒకసారి జుర్జాన్ వైపు, దహిస్తాన్ మైదానంలో ప్రయత్నం చేశాడు. పాత పద్ధతిలో, తాళ్లతో నేల కొలుచుకుంటూ పోవడం. మదద్ దొరకలేదు, పని ఆగిపోయింది. నందనాలో ఆ బాధ లేదు. ఒక్కడే చేయగలడు. కొండ ఎత్తు తెలియాలి. కొండ మీద నిలబడి, నేల ఆకాశం కలిసే గీతను చూసి, అది కంటి సమతలం నుంచి ఎంత కిందికి వాలిందో ఆ జావియా కొలవాలి. భూమి బల్లపరుపైతే ఆ గీత కిందికి దిగదు. గుండ్రం కాబట్టి కొద్దిగా దిగుతుంది. ఎంత దిగిందో తెలిస్తే, ఎత్తు తెలిస్తే, త్రికోణమితి మిగతాది చెబుతుంది. ఈ ఉపాయం తన సొంతమని బేరూనీ చెప్పుకోలేదు. ఖలీఫా మామూన్ జమానాలో సనద్ ఇబ్న్ అలీ సముద్రం పక్కన కొండ ఎక్కి ఇలాగే చూశాడని ఆయనే రాశాడు. ఫార్వర్డుల్లో ఈ ముక్క ఉండదు.

కొండ ఎత్తు 652 మూరల 3 దకీఖాల 18 సానియాలు అని తేల్చాడు. జావియా 34 దకీఖాలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ జమానా ఖగోళ పండితులు పదుల్లో కాదు, అరవైల్లో లెక్క చేసేవారు. ఒకటిని అరవై ముక్కలు చేస్తే ఒక్కొక్కటి దకీఖా. దకీఖాను అరవై చేస్తే సానియా, అంటే రెండోది. దాన్ని మళ్లీ అరవై చేస్తే సాలిసా, మూడోది. ఆ తర్వాత రాబిఆ, నాలుగోది. గడియారంలో మనం చూసే సెకండ్ అన్న మాటకూ రెండోదనే అర్థం. మా స్కూల్లో ఉస్తాద్ దర్జా, దకీఖా, సానియా అని వల్లె వేయించేవాడు. ఆ మాటల వెనక ఇంత పెద్ద మెట్ల వరస ఉందని మాకు చెప్పలేదు, మేము అడగలేదు. అంకెలు కూడా అబ్జద్ అక్షరాల్లో రాసేవారు, 786 ఏ లెక్కలో వస్తుందో ఆ అక్షరాల్లో.

ఇప్పుడు ఆ కొండ ఎత్తు మళ్లీ చూడండి. సానియా అంటే మూరలో 3,600వ వంతు. మూర అర మీటరు అనుకుంటే, మిల్లీమీటరులో ఏడో వంతు. రాళ్లు, ముళ్లపొదలు ఉన్న కొండ శిఖరం ఎత్తు వెంట్రుక మందం దాకా తెలిసిందని ఆ అంకె అంటోంది. ఏ రాయి మీద నిలబడ్డాడో దాన్నిబట్టే మూర అటూ ఇటూ అవుతుంది కదా!

సరే, ఎత్తును వదిలేద్దాం. అసలు కథ జావియాలో ఉంది.

జవాబు రావాలంటే 34 దకీఖాలకు కొసైన్ కావాలి. బేరూనీ లెక్కలో అది 89 దర్జాల 26 దకీఖాలకు జైబ్. (మన సంస్కృతం 'జ్యా' అరబ్బీలోకి పోయి, జైబ్‌గా చదవబడి, లాటిన్ దారిలో సైన్ అయింది. మన చొక్కాకున్న జేబు కూడా ఆ జైబే.) ఈ విలువ ఒకటికి చాలా దగ్గరగా ఉంటుంది. దాన్ని ఒకటి నుంచి తీసేయాలి. మిగిలిన ఆ చిన్న ముక్కతో కొండ ఎత్తును భాగించాలి. అదీ పద్ధతి.

బేరూనీ ఈ లెక్క రెండు కితాబుల్లో చేశాడు. 1025లో ముగించిన 'తహ్దీద్'లో ఒకసారి. తర్వాత సుల్తాన్ మసూద్ పేర రాసిన 'అల్ ఖానూన్ అల్ మసూదీ'లో మరోసారి. రెండో కితాబు అరబ్బీ మూలాన్ని అచ్చువేసింది ఎవరో తెలుసా? మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్, 1954-56లో, మూడు సంపుటాలుగా. ప్రపంచంలో ఎక్కడ బేరూనీ మీద పరిశోధన చేసినా ఆ సంపుటాల పేరు ఎత్తక తప్పదు. ఉస్మానియా క్యాంపస్‌లో ఆ భవనం ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో, లోపలికి అడుగుపెట్టింది మాత్రం మొదటిసారి ఈ పని మీదే.

తహ్దీద్‌లో ఆయన తీసుకున్న కొసైన్ 59, 59, 49. సాలిసా దాకా, అంతే. ఒకటి నుంచి తీసేస్తే మిగిలింది 11 సాలిసాలు. అసలు విలువ పదకొండు కాదు, పదిన్నర మీద కొంచెం, 10.56. పదకొండుగా గుండు చేశాడు. ఆ పదకొండుతో భాగిస్తే వచ్చింది 1,28,03,337 మూరల 2 దకీఖాల 9 సానియాలు. భాగించిన సంఖ్యలో ఉన్నవి రెండే అంకెలు, వచ్చిన జవాబులో మూరలే ఎనిమిది అంకెలు, ఆపైన దకీఖాలు, సానియాలు!

ఖానూన్‌లో ఇంకా బారీక్‌గా చేయాలనుకున్నట్టుంది. కొసైన్ ఇప్పుడు 59, 59, 49, 2, 28. రెండు మెట్లు ఎక్కువ. జవాబు 1,28,51,369 మూరల 50 దకీఖాల 42 సానియాలు. ఫార్వర్డులో తిరిగేది దీని పిల్లే.

ఆ 2, 28 నన్ను రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. ఎందుకంటే నా ఫోన్ అక్కడ 26, 9 అంటోంది. 49 దాకా ఇద్దరం ఒకటే, ఆ తర్వాత ఇంత తేడా ఎందుకు? నా ఫోన్ అబద్ధం చెప్పదు. బేరూనీ అంతకంటే చెప్పడు.

మూడో రోజు దొరికింది. ఖానూన్‌లో జైబ్‌ల పట్టిక పావు దర్జాకు ఒక వరస చొప్పున ఉంటుంది. 26 దకీఖాలకు వరస లేదు. 15కు ఉంది, 30కి ఉంది. రాబిఆ దాకా గుండు చేస్తే 89 దర్జాల 15 దకీఖాలకు 59, 59, 41, 30. 89 దర్జాల 30 దకీఖాలకు 59, 59, 51, 47. ఈ రెండింటి మధ్య తేడా 10 సాలిసాల 17 రాబిఆలు. 15 నుంచి 26కు పదకొండు మెట్లు, మొత్తం పదిహేను మెట్లు. 10, 17ను పదకొండుతో గుణించి పదిహేనుతో భాగిస్తే 7, 32, 28. దాన్ని 41, 30కి కలపండి.

49, 2, 28.

కాగితం మీద ఆ అంకెలు పడినప్పుడు నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. దస్తూరీ గుర్తుపట్టినట్టు. గజ్నీలో దీపం ముందు కూర్చుని ఆయన చేసిన తక్సీమ్‌ను, వెయ్యేళ్ల తర్వాత టోలీచౌకీలో ఫ్యాన్ కింద కూర్చుని నేను మళ్లీ చేశాను. ఆయన ఏ రెండు వరసల మధ్య వేలు పెట్టాడో తెలిసిపోయింది.

గలతీ ఎక్కడో కూడా తెలిసిపోయింది. రెండు వరసల మధ్య సూటిగా గీత గీసినట్టు లెక్క కట్టాడు. కానీ తొంభై దర్జాల దగ్గర జైబ్ సూటిగా నడవదు, వంగుతుంది. అందుకే 26, 9 ఉండాల్సిన చోట 2, 28 వచ్చింది. అది కొసైన్‌లో చాలా చిన్న తేడా. కానీ తీసివేతలో ఏమవుతుందో చూడండి.

ఒక దుకాణదారుకు సాలుకు కోటి రూపాయల ఆమదనీ ఉందనుకుందాం. ఖర్చు 99,99,511. మిగులు 489 రూపాయలు. మున్షీ ఖర్చులో 18 రూపాయలు తక్కువ రాశాడు. కోటిలో 18 రూపాయలు ఎవరికి పట్టింది? కానీ మిగులు 489 పోయి 507 అయింది. నూటికి మూడున్నర పైన తేడా. దుకాణదారు ఆ మిగులును బట్టే పిల్ల షాదీకి అంచనా వేస్తే? నేను అంకెలు కల్పించలేదు. కొసైన్‌ను కోటితో గుణిస్తే బేరూనీ లెక్కలో నిజంగా ఇవే వస్తాయి. రెండు పెద్ద పద్దులు దాదాపు సమానంగా ఉన్నప్పుడు, తీసివేత మొదటి అంకెలన్నీ మింగేస్తుంది. గలతీ ఉన్న తోక అంకెలే ముందుకొచ్చి కూర్చుంటాయి.

సరైన కొసైన్‌తో ఆయన కొలతలనే లెక్కేస్తే జవాబు 1 కోటి 33 లక్షల 32 వేల మూరలకు దగ్గరగా వస్తుంది. ఆయన రాసిన దానికంటే దాదాపు 4 లక్షల 80 వేల మూరలు ఎక్కువ. లక్షల్లో తేడా ఉన్న చోట దకీఖాలు, సానియాలు!

ఇంకా ఉంది. చుట్టుకొలత కోసం 22/7 వాడాడు. ఆయన ఇచ్చిన 8,07,80,039 మూరల 1 దకీఖా 33 సానియాల్లోంచి వెనక్కి లెక్కేస్తే అదే తేలుతుంది. 22/7 అసలు విలువ కంటే పదివేలకు నాలుగు వంతులు ఎక్కువ. ఆ ఒక్క కారణానికే 32 వేల మూరల తేడా వచ్చి పడుతుంది.

ఇవన్నీ లెక్కలోని తప్పులు. కొలతలోని షక్ దీనికంటే పెద్దది. జావియా 34 అన్నాడు. 33 కావచ్చా, 35 కావచ్చా? చేత్తో పట్టిన పరికరంతో, దూరాన దుమ్ము, వేడి గాలి కమ్మిన గీతను చూసి, దర్జాలో అరవయ్యో వంతు తప్పకుండా కొలవడం ఎంత కష్టమో ఎవరైనా ఊహించుకోవచ్చు. ఆ ఒక్క దకీఖా చాలు. 33 అయితే వ్యాసార్ధం 1 కోటి 41 లక్షల మూరల పైన. 35 అయితే 1 కోటి 26 లక్షల లోపు. అంటే అటో 6 వంతులు, ఇటో 6 వంతులు. కోణంలో తప్పు నూటికి మూడుంటే జవాబులో రెట్టింపవుతుంది, ఈ పద్ధతి తత్వమే అంత. పైగా గాలి వెలుగును వంచుతుంది. నేల అంచు నుంచి వచ్చే కిరణం కొద్దిగా వంగి రావడం వల్ల, గీత ఉన్నదానికంటే కాస్త పైన కనిపిస్తుంది. అది జవాబును నూటికి పది వంతులకు మించే పెంచగలదు.

హదీస్ చదువుకున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. రావీల సిల్సిలాలో తొమ్మిది మంది పక్కావాళ్లున్నా ఒక్కడు జయీఫ్ అయితే రివాయత్ అంతా జయీఫే. మిగతావాళ్ల పేరు ప్రతిష్ఠలు దాన్ని నిలబెట్టలేవు. బేరూనీ లెక్కలో ఆ జయీఫ్ రావీ 34 దకీఖాలు. దాని బలం రెండు అంకెలు.

మరి ఆ 17 కిలోమీటర్లు ఎక్కడివి? మూరను 49.33 సెంటీమీటర్లు అనుకుంటే 6,339.6 వస్తుంది. అనుకుంటే. అరబ్బుల మూరలు ఒక రకం కాదు. కైరోలో నైలు నీటిమట్టం కొలిచే స్తంభం మీది మూర 54 సెంటీమీటర్లు. దానితో గుణిస్తే బేరూనీ భూమి 6,940 కిలోమీటర్లవుతుంది. ఇక పోల్చింది దేనితో? భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. ధ్రువ వ్యాసార్ధం 6,357, భూమధ్యరేఖ దగ్గర 6,378. ఎవరో బేరూనీకి దగ్గరగా ఉన్నదాన్ని ఏరి 6,357తో పోల్చారు. భూమికే తనలో తనకు 21 కిలోమీటర్ల తేడా ఉంటే, మనం 17 అని సంబరపడుతున్నాం. గలతీ లేకుండా లెక్కేస్తే ఆ 49.33 మూరతోనే 6,577 వస్తుంది. అంటే మనం ఫఖ్ర్ పడుతున్నది ఆయన కొలత మీద కాదు, పట్టికలో జరిగిన పొరపాటు మీద, కొలతలోని తప్పును అది కొంత కప్పేసిన నసీబ్ మీద.

ఇందులో నా బిరాదరీ జర్నలిస్టులది కూడా సగం పాపం. డెస్క్ మీద ఏజెన్సీ వార్త వస్తుంది, 'సుమారు పది మైళ్లు' అని. సబ్ ఎడిటర్ కాలిక్యులేటర్ నొక్కి '16.09 కిలోమీటర్లు' అని రాస్తాడు. 'సుమారు' ఎగిరిపోతుంది, రెండు దశాంశ స్థానాలు వచ్చి కూర్చుంటాయి. వంద అడుగుల బావి 30.48 మీటర్ల బావి అవుతుంది. కట్టెల అడితిలో తూచిన మోపును తులాలు, మాషాల్లో రాసినట్టు. నేనూ ఎన్నో రాశాను.

అయితే బేరూనీకి ఇది తెలియదా అన్న నా మొదటి సవాల్ అట్లాగే ఉంది. దానికి జవాబు ఆయన కితాబుల్లోనే దొరికింది. తహ్దీద్‌లోనే ఒకచోట అంటాడు, జైబ్‌లు వాడే లెక్కలో గలతీలు పుడతాయని, వాటికి చిన్న పరికరాల లోపం, చూసే మనిషి కంటి లోపం కలిస్తే అవి లెక్కచేయక తప్పనంత పెద్దవవుతాయని. మా బేటీ పాఠం అంతా ఆ మాటలో ఉంది. అది రాసిన కలమే 2 దకీఖాల 9 సానియాలూ రాసింది.

ఇంకా ముఖ్యమైనది ఖానూన్‌లో ఉంది. వ్యాసార్ధం నుంచి ఒక దర్జా భూమి ఎంత పొడవో తీశాడు. మీలుకు నాలుగు వేల మూరలు. తహ్దీద్‌లో అది 55 మీళ్ల 53 దకీఖాల 15 సానియాలు. ఖానూన్‌లో 56 మీళ్ల 5 దకీఖాల 50 సానియాలు. దీని పక్కన పెట్టి చూసింది మామూన్ కొలత. తొమ్మిదో శతాబ్దంలో, బేరూనీకి రెండువందల ఏళ్ల ముందు, ఖలీఫా మామూన్ హుకుం మీద ఒక దళం సింజార్ మైదానానికి పోయింది. ఇప్పటి ఇరాక్‌లో ఉంది అది. ఒక చోటు నుంచి కొందరు ఉత్తరంగా, కొందరు దక్షిణంగా తాళ్లు, మేకులతో నేల కొలుచుకుంటూ నడిచారు. ధ్రువం ఎత్తు ఒక దర్జా మారేదాకా నడిచారు. తేలింది 56 మీళ్ల మీద మూడింట రెండు వంతులు. ఆ పక్కన దకీఖాలు, సానియాలు ఏమీ లేవు చూడండి.

తన జవాబు వాళ్ల జవాబుకు దగ్గరగా వచ్చిందని బేరూనీ తసల్లీ పడ్డాడు. ఆ తర్వాత చేసిన పని నాకు మరీ నచ్చింది. తన అంకెను పక్కనపెట్టి వాళ్ల అంకెనే వాడుకున్నాడు. వాళ్ల పరికరాలు తనవాటికంటే నాజూకైనవని, వాళ్ల మెహనత్ ఎక్కువని కారణం చెప్పాడు. సానియాల దాకా లెక్క కట్టిన మనిషి, ఆ సానియాలను నమ్మలేదు.

ఇక్కడ నాకు ఒక ఖటక మిగిలింది. తప్పు లేకుండా లెక్క కట్టి ఉంటే ఆయనకు 58 మీళ్ల పైన వచ్చేది. మామూన్ అంకెకు అంత దగ్గర కాదు. అప్పుడు అనుమానం వచ్చి మళ్లీ పట్టిక తీసేవాడేమో, మళ్లీ కొండ ఎక్కేవాడేమో. సరిపోయిందనిపించిన లెక్కను ఎవరూ మళ్లీ చూడరు. మీ ఇంటి నెల ఖర్చు లెక్కయినా అంతే, జేబులో డబ్బుకు తేలితే తప్పు వెతకం, తేలకపోతేనే వెతుకుతాం.

మరి అన్ని అంకెలు రాయడం ఎందుకు? నాకు తోచింది చెబుతాను, ఆలిమ్‌లు దిద్దవచ్చు. ఆ అంకెలు భూమి గురించి కాదు, లెక్క గురించి. మున్షీ తన ఖాతాలో పైసలు కూడా రాస్తాడు, వెనకొచ్చేవాడు ప్రతి పద్దూ సరిచూసుకోవాలని. బేరూనీ 'సుమారు కోటీ ముప్పై లక్షల మూరలు' అని రాసి ఊరుకుంటే భూమి విషయంలో అదే నిజం. కానీ 2, 28 నాకు దొరికేది కాదు. గలతీ పట్టుకునే దారీ ఉండేది కాదు. ఆయన రసీదు రాశాడు. దాన్ని మనం నాప్ అనుకున్నాం.

నాప్ కోసం అంకెలు ఎన్ని కావాలో ముందే తేల్చుకున్నవాడు నాలుగువందల ఏళ్ల తర్వాత వచ్చాడు. జమ్షీద్ అల్ కాషీ, ఇరాన్‌లోని కాషాన్ మనిషి, ఉలుగ్ బేగ్ పిలుపు మీద సమర్‌ఖంద్ చేరాడు. 1424లో 'రిసాలా అల్ ముహీతియ్యా' అనే కితాబు పూర్తి చేశాడు. వృత్తం చుట్టుకొలతకు, దాని వ్యాసార్ధానికి ఉన్న నిస్బత్ గురించి. అంతకు ముందు లెక్క కట్టిన అబుల్ వఫాను, మన బేరూనీని కూడా పేరు పెట్టి తప్పుపట్టాడు. తర్వాత తన షర్త్ చెప్పాడు. భూమి వ్యాసానికి ఆరు లక్షల రెట్లు వ్యాసం ఉన్న వృత్తం తీసుకుందాం. ఆ జమానాకు తెలిసిన కాయనాత్ అంతా దాని లోపలే ఇమిడిపోతుంది. అంత పెద్ద వృత్తం చుట్టుకొలతలో కూడా తప్పు గుర్రపు వెంట్రుక మందానికి మించకూడదు.

ముందు వెంట్రుక. ఆ వెంట్రుక నుంచి వెనక్కి లెక్క. ఎన్ని భుజాల బహుభుజి కావాలి? 80,53,06,368. అరవైల్లో ఎన్ని మెట్లు పోవాలి? తొమ్మిది. మధ్యలో ప్రతి మెట్టు దగ్గరా ఎన్ని అంకెలు ఉంచుకోవాలి, ఎన్ని వదిలేయవచ్చు? అదీ ముందే. వచ్చిన జవాబును పదుల్లో కూడా రాశాడు, 6.2831853071795865. పదహారు దశాంశ స్థానాలు, ప్రతి ఒక్కటీ సరైనదే.

కాషీ పని బేరూనీ పనికంటే గొప్పదని నేననను. కాషీది గది లోపల కూర్చుని చేసే లెక్క, అక్కడ గాలి లేదు, దుమ్ము లేదు, కంటి తప్పు లేదు. బేరూనీ కొండ ఎక్కాడు. ఒకరి వెంట్రుక కాగితం మీద నిజం. ఇంకొకరి వెంట్రుక కొండ మీద లేదు, అంతే తేడా.

మొన్న శుక్రవారం మళ్లీ ఆ ఫార్వర్డ్ వచ్చింది, ఈసారి మా పెద్ద మామూ నుంచి. చాలాసేపు ఆలోచించి జవాబు రాశాను. 'మామూజాన్, బేరూనీ చెప్పిన భూమి వ్యాసార్ధం సుమారు 1 కోటి 30 లక్షల మూరలు. పది లక్షలు అటో ఇటో. ఆ మూర మన కొలతలో ఎంతో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. కొండ ఒక్కడే ఎక్కాడు. తన లెక్క కంటే పక్కవాళ్ల లెక్క మేలని తనే ఒప్పుకున్నాడు.'

చాలాసేపు నీలి టిక్కులు మాత్రమే కనిపించాయి. రాత్రి ఇషా తర్వాత మామూ నుంచి ఒక్క లైను వచ్చింది.

'అది సరే బేటా, మరి 17 కిలోమీటర్లు తీసేయమంటావా?'